సెలూన్ అద్దాల్లో ఆగని వెలుతురు

ఇరవై నాలుగేళ్లుగా నేను బాపట్లలో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. కాంతి పాఠం వచ్చినప్పుడల్లా, రెండు అద్దాలను ఎదురెదురుగా సమాంతరంగా పెడితే ఎన్ని ప్రతిబింబాలు కనిపిస్తాయని పిల్లల్ని అడుగుతాను. వాళ్లు ‘అనంతం’ అని రాస్తారు. నేను ఒక మార్కు వేస్తాను. వెళ్లి ఆ అనంతాన్ని లెక్కపెట్టి చూద్దామన్న ఆలోచన ఇన్నేళ్లలో నాకు గాని, నా దగ్గర చదువుకున్న వాళ్లకు గాని రాలేదు. లెక్కపెట్టినాయన స్టేషన్ దగ్గరి సందులో సెలూన్ నడుపుతాడు. ఏడో తరగతి దాకా చదువుకున్నాడు.

పద్దెనిమిదేళ్లుగా నా గడ్డం ఆయన చేతిలోనే ఉంది. మాది ఇంచుమించు ఒకే వయసు. ఆయన కొట్టు ఒక పాత మేడ కింద సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు తలుపు తప్ప కిటికీ లేదు. కుర్చీలు బాగా లోపలికి ఉంటాయి. కరెంటు పోతే పట్టపగలు పదింటికి కూడా నూతిలో దిగినట్టుంటుంది. ఇన్వర్టర్ ఉంది గాని అది పాతది. కరెంటు పోయాక, అది అందుకునేలోపు ఒక్క క్షణం ఆలోచించుకుంటుంది.

పోయిన వేసవిలో ఒక పొద్దున ఆ ఒక్క క్షణంలోనే నా ఎడమ చెవి తమ్మె తెగింది.

చెవి తెగితే ఇంత నెత్తురు వస్తుందని నాకు తెలియదు. ఆయన పటిక అద్దాడు, దూది అద్దాడు, చివరికి తన భుజం మీది తువ్వాలు అద్దాడు. ‘‘ఏం కాలేదులే’’ అని నేను అంటూనే ఉన్నాను. చొక్కా మాత్రం వేరే మాట చెబుతోంది. ఆస్పత్రిలో రెండు కుట్లు వేశారు. మర్నాడు కట్టుతో బడికి వెళ్తే, స్టాఫ్ రూములో తెలుగు మాస్టారు నన్ను పరీక్షగా చూసి, ‘‘ఇన్నాళ్లూ పిల్లల చెవులు మెలేశారు. ఇవాళెవరో ఎదురు తిరిగినట్టుంది’’ అన్నాడు. వారం రోజులు ఆ మాటే నడిచింది.

కుట్లు విప్పించుకున్నాక సెలూన్‌కు వెళ్లాను. మనసులో ఏమీ పెట్టుకోలేదని చూపించాలని నా ఉద్దేశం. ఆయన నన్ను కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, మిషన్ తీశాడు.

‘‘మిషనేంటి? గడ్డం చెయ్యవా?’’ అన్నాను.

‘‘గడ్డాలు మానేశానండి. కటింగు ఒక్కటే.’’

‘‘నా కోసమా?’’

‘‘మీ కోసం కాదు మాస్టారూ. కత్తి పట్టుకుంటే కళ్లు గడ్డం మీద నిలవటం లేదు. బల్బు మీదకే పోతన్నాయి. ఇప్పుడు పోద్దా, ఇప్పుడు పోద్దా అని చూస్తన్నాను. ఇంక చెయ్యేం ఆడిద్ది?’’

ముప్పై ఏళ్లుగా కత్తి పట్టిన చెయ్యి అది. మా ఊళ్లో పెళ్లికొడుకులు వరస కట్టి కూర్చునేవాళ్లు. వాళ్లంతా ఇప్పుడు రోడ్డు అవతల కొత్త సెలూన్‌కు పోతున్నారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. కత్తులన్నీ తుడిచి, కాగితంలో చుట్టి, సొరుగులో పెట్టేశాడు. నా చెవి మానింది గాని ఆయన చెయ్యి మానలేదు.

ఆ రోజు నా జుట్టు కత్తిరిస్తూ, ముందు అద్దంలోకీ వెనక అద్దంలోకీ మార్చి మార్చి చూస్తూ ఆయన అడిగాడు.

‘‘ఈ రెండిటి మధ్యన ఇంత వెలుతురు కొట్టుకుంటా ఉంది గదండీ. కరెంటు పోగానే ఇదంతా ఎటు పోయిద్ది?’’

‘‘అద్దాలు మింగేస్తాయి.’’

‘‘అద్దం మింగటం ఏంటండి? తిరగ్గొట్టేదే గదా అద్దమంటే?’’

‘‘కొంచెం మింగుతుంది. ప్రతిసారీ.’’

ఆయన ఆలోచించాడు. ‘‘అందుకేనేమో. లోపలికి పోయే కొద్దీ మన మొహాలు పచ్చబడతాయండి. నేను పదమూడు దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత అంతా పాచి పట్టిన నీళ్లల్లే ఉంటది.’’

నేను అద్దంలోకి చూశాను. నిజంగానే వెనక వెనక ఉన్న నేను, ఇంకా వెనక ఉన్న నేను, వరసగా ఆకుపచ్చగా మారిపోతున్నాను. నా అనంతం పదమూడో మెట్టు మీద ఆగిపోయింది. కాస్త చిన్నతనంగా అనిపించింది. ఉపాధ్యాయుడికి చిన్నతనం కలిగితే ఒకటే చేస్తాడు, పెద్ద మాట చెబుతాడు. నేనూ చెప్పాను. ‘‘ఇవి మామూలు అద్దాలు కాబట్టి ఇలా ఉంది. ఆదర్శ దర్పణాలని ఉంటాయి, అంటే వెలుతురు రవ్వంత కూడా మింగనివి. వాటి మధ్య అయితే దీపం ఆపేసినా వెలుతురు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఎప్పటికీ.’’

ఆయన దువ్వెన ఆగిపోయింది.

‘‘ఎప్పటికీ అక్కర్లేదండి,’’ అన్నాడు మెల్లగా నవ్వుతూ. ‘‘కత్తి పైకెత్తేంత సేపు ఉంటే చాలు.’’

అప్పుడే చెప్పి ఉండాల్సింది, అలాంటి అద్దాలు పుస్తకాల్లో తప్ప దొరకవని. నా చెవి తెగాక మొదటిసారి నవ్వాడు, ఆ నవ్వు చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నానని అందరికీ చెబుతుంటాను. అసలు సంగతి వేరు. ‘ఎప్పటికీ’ అన్నప్పుడు ఆయన నా వైపు చూసిన చూపు నాకు బాగుంది. ఇరవై నాలుగేళ్లలో ఏ తరగతీ నన్ను అలా చూడలేదు.

ఆయన తోడల్లుడికి తెనాలిలో అద్దాల కొట్టుంది. మంచి అద్దాలు కావాలని అక్కడ అడుగుదామని, ఎలాంటివి కావాలో నేనే వచ్చి చెప్పాలని పట్టుబట్టాడు. మంగళవారం ఆయనకు కొట్టు సెలవు. నేను ‘అత్యవసరమైన సొంత పని’ అని రాసి సెలవు చీటీ ఇచ్చాను. బయల్దేరే ముందు రోజు ఇంట్లో కూర్చుని, పిల్లల స్లిప్ టెస్టు కాగితం వెనక లెక్క కట్టాను. అద్దాల మధ్య పది అడుగుల దూరం అనుకుంటే, వెలుతురు ఒక్క సెకనులో దాదాపు పది కోట్లసార్లు కొట్టుకుంటుంది. మామూలు అద్దం కొట్టిన ప్రతిసారీ పదో వంతు మింగుతుందనుకుందాం. నూరోసారికి చూడటానికేమీ మిగలదు. అందుకు పట్టే సమయం సెకనులో పది లక్షలో వంతు. ఆ లోపల కత్తి ఎత్తగల మనిషి ఇంకా పుట్టలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను, రైల్లో చూపిద్దామని.

రైల్లో చూపించలేదు. పెట్టె ఎక్కిన పది నిమిషాలకే ఆయన చుట్టుపక్కల వాళ్లందరికీ విషయం చెప్పేశాడు. పేరాల నుంచి చీరల మూటతో వస్తున్న ఒక ఆమె శ్రద్ధగా విని, ‘‘మా మగ్గం గుంటలో కూడా చీకటేనండి. అక్కడ కూడా బిగించుకోవచ్చా అన్నయ్యా?’’ అని నన్ను అడిగింది. ‘‘చూడాలమ్మా’’ అన్నాను. అబద్ధం కాకుండా ఉండే మాటలన్నిటిలోకీ అది మంచిది.

తెనాలిలో తోడల్లుడు మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మంచి మనిషి, కాకపోతే సరుకు మీద మాట పడనివ్వడు. మామూలు అద్దం వెలుతురులో పదో వంతు మింగేస్తుందని నేననగానే టీ గ్లాసు కింద పెట్టాడు.

‘‘నా అద్దమా అండి? పదో వంతు తినేస్తదా?’’

లేచి వెళ్లి నిలువెత్తు అద్దం ఒకటి గోడ నుంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు. ‘‘చూసుకోండి. మీ మొహంలో ఏదన్నా తగ్గిందా?’’

చూసుకున్నాను. ఏమీ తగ్గలేదు. పొట్ట దగ్గర కొంత ఎక్కువే ఉంది.

‘‘ఇది ఫస్టు క్వాలిటీ అండి. దీన్ని మించింది కావాలంటే నా వల్ల కాదు. అద్దం పుట్టు పూర్వోత్తరాలు తెలియాలంటే రేపల్లె పోవాలి. నాకు పని నేర్పిన అమ్మగారు అక్కడున్నారు. ఆమె, వాళ్లాయన కలిసి చేత్తో వెండి పూత పోసేవాళ్లు. ఆవిడ కాదంటే ఇంక లోకంలో లేదనుకోండి.’’

సెలూన్ ఆయన ముఖం వెలిగిపోయింది. నేను జేబు తడుముకున్నాను. కాగితం ఉంది. మధ్యాహ్నం రేపల్లె ప్యాసింజరుకు ముగ్గురం బయల్దేరాం.

రేపల్లెలో దిగేసరికి వాన పట్టుకుంది. ఆ అమ్మగారి ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. వాకిట్లోకి జల్లు కొడుతోందని తలుపులు మూసి, పగలే లైటు వేసుకుని, ముందు గదిలో చాప మీద కూర్చుని ఎండురొయ్యల తలలు గిల్లుతోంది. గోడ మీద చర్చివాళ్లిచ్చిన బైబిలు వాక్యాల క్యాలెండరు, పక్కన భర్త ఫొటో. ఫొటోకు కట్టిన అద్దం మీద చిన్న మచ్చ కూడా లేదు.

తోడల్లుడు వంగి నమస్కారం పెట్టి మమ్మల్ని పరిచయం చేశాడు. ‘‘మాస్టారు అమ్మా, సైన్సు చెప్తారు. అద్దం వెలుతురు మింగుతది అంటన్నారు.’’

‘‘మింగదా మరి?’’ అంది ఆమె రొయ్య మీద నుంచి చూపు తిప్పకుండానే.



‘‘సగం దొంగతనం గాజుదే నాయనా. పూత దాకా పోవాలంటే వెలుతురు గాజులోంచే పోవాలి, మళ్లీ గాజులోంచే రావాలి. గాజు అంచు ఎప్పుడన్నా చూశావా? పచ్చగా ఉండదూ?’’

సెలూన్ ఆయన తొడ మీద చరుచుకున్నాడు. ‘‘అదేనండి! పదమూడు తర్వాత పచ్చబడటం!’’

‘‘లెక్కపెట్టావా?’’ ఆమె మొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది. నన్ను అంతసేపు చూడలేదు. ‘‘ఇసకలో ఇనుం ఉంటది, దాని రంగు అది. ఇంక వెండి సంగతా? ఎంత బాగా పోసినా ఎక్కడో ఓ చోట పలచబడిద్ది. మా ఆయన పోస్తే అలలు వచ్చేయి, చెయ్యి ఆగేది కాదు. అందుకని నేనే పోసేదాన్ని. పేరు మాత్రం ఆయనదే.’’

ఫొటోలో ఉన్నాయన ఆ మాటకు ఏమీ అనలేదు.

అప్పుడు సెలూన్ ఆయన తన కోరిక చెప్పాడు, నా ‘ఎప్పటికీ’తో సహా. ఏమీ మింగని అద్దాలతో పెట్టె కడితే వెలుతురు అందులో ఉండిపోతుందట, మాస్టారు చెప్పారు అన్నాడు. ఆమె రొయ్యల చేట పక్కకు జరిపి, చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

‘‘అట్టాంటి పెట్టె ఉందే అనుకో. లోపల వెలుతురు ఉందో పోయిందో ఎట్టా తెలుసుద్ది సారూ?’’

‘‘తెరిచి చూడాలి.’’

‘‘తెరిస్తే బయటికి పోయిద్ది గదా?’’

‘‘పోతుంది.’’

‘‘పోనీ, మనిషే లోపల కూర్చుంటాడనుకో. మనిషి అద్దం కాదు గదా. నల్ల జుట్టు, చొక్కా, మొహం, అన్నీ మింగేవే. అంటే అందులో ఎవరూ లేకపోతేనే వెలుతురు ఉంటది. ఎవరూ లేని చోట వెలుతురు ఎందుకు నాయనా?’’

నేను చదివిన డిగ్రీలో గాని, ఆ తర్వాత పొందిన శిక్షణలో గాని ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వేసి ఉంటే నేను ఆ సబ్జెక్టు తీసుకునేవాణ్ని కాదేమో. ఇంక దాచి లాభం లేదని జేబులో కాగితం తీశాను. పది కోట్లసార్లు, పదో వంతు, నూరోసారికి సున్నా, అన్నీ చదివి వినిపించాను. ‘‘అలాంటి అద్దాలు లేవు. ఉన్నా నీకు పనికిరావు. నాకు ముందే తెలుసు. చెప్పలేకపోయాను’’ అన్నాను.

సెలూన్ ఆయన కాగితం తీసుకున్నాడు. కాసేపు లెక్క వైపు చూసి, తిప్పి, ఇవతలి వైపున ఎవరో పిల్ల నీటుగా రాసిన ‘అనంతం’ అన్న జవాబు చదివాడు. కాగితం మడిచి నాకే ఇచ్చాడు.

‘‘రైల్లో చెప్తే సగంలో దిగిపోయేవాళ్లం గదండీ’’ అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నయంగా ఉండేది.

బయట వాన పెద్దదైంది. ఎక్కడో ఉరిమింది. నెత్తి మీద ఫ్యాను గిరగిర తిరిగేదల్లా నెమ్మదించి, కిర్రుమని ఆగిపోయింది. పక్కింట్లో టీవీ గొంతు మధ్యలో తెగింది. కరెంటు పోయింది.

గదిలో లైటు పోలేదు.

సెలూన్ ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆగిన ఫ్యాను వైపు చూశాడు, వెలుగుతున్న బల్బు వైపు చూశాడు. ‘‘మాస్టారూ! ఆగిందండీ! వెలుతురు ఆగింది!’’

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. అయిదు నిమిషాల కిందటే సున్నా అని తేల్చి చెప్పిన నేను, ఒక్క క్షణం గోడల వైపు చూశాను. ఎక్కడన్నా అద్దాలున్నాయేమోనని.

‘‘ఛార్జింగు బల్బు అయ్యా,’’ అంది అమ్మగారు మళ్లీ చేట దగ్గరికి లాక్కుంటూ. ‘‘మా కోడలు తెచ్చింది. కరెంటు ఉన్నప్పుడు దాచుకుంటది, పోయినప్పుడు ఇస్తది. మీ ఊళ్లో దొరకవా?’’

దొరుకుతాయి. బాపట్లలో ప్రతి ఎలక్ట్రికల్ షాపులోనూ దొరుకుతాయి. తెనాలి తిరిగి వచ్చే దాకా ఆగలేక ఆయన రేపల్లెలోనే రెండు కొన్నాడు. రైల్లో దారి పొడుగునా వాటిని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లల్లా పట్టుకున్నాడు. ఇంటికి వెళ్లి నేను జరిగిందంతా చెబితే మా ఆవిడ వంటింటి కప్పు వైపు వేలు చూపించింది. ‘‘మరి అదేంటండి?’’ అంది. ఏడాదిగా అది అక్కడే ఉందట. కరెంటు పోయినప్పుడల్లా నేను దాని కిందే కూర్చుని అన్నం తింటున్నానట.

బల్బులు బిగించినంత మాత్రాన ఆయన చెయ్యి బాగుపడలేదు. దానికి ఆయన వేరే మందు వేసుకున్నాడు. కొట్టు మూసి ఉన్న మంగళవారాల్లో బెలూన్లు ఊది, వాటికి నురగ రాసి, కత్తితో గీశాడు. వాళ్లావిడ మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి, చెప్పకుండా, తనకు తోచినప్పుడల్లా కరెంటు తీసేది. మొదటి వారం నాలుగు పగిలాయి. ‘‘బల్బు ఆరకపోయినా ఆరిందనుకునే చెయ్యి అదురుద్దండి. అలవాటు దానిది’’ అని చెప్పాడు. రెండో వారం ఒకటి పగిలింది. మూడో వారం పదకొండు గీస్తే పదకొండూ నిలిచాయి. నాలుగో వారం నాకు కబురొచ్చింది.

వెళ్లి కూర్చున్నాను. ఆయన సొరుగులోంచి కాగితం చుట్ట తీసి కత్తి విప్పాడు. కుడి చెంప అయింది. ఎడమ చెంప మొదలవుతుండగా ఫ్యాను ఆగింది. వాళ్లావిడ తీసిందో, నిజంగానే పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. కత్తి నా దవడ మీద ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది, ఒకే తీరుగా, చెవి కింద నుంచి గడ్డం కొన దాకా. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

‘‘చూశారా మాస్టారూ, ఉంది’’ అన్నాడు.

‘‘చూశాను’’ అన్నాను. నేను కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాను.

గడ్డాలు మళ్లీ మొదలయ్యాయి. రోడ్డు అవతలికి పోయినవాళ్లు ఒక్కొక్కరే ఇవతలికి వచ్చారు. ఎవరు బల్బును మెచ్చుకున్నా ఆయన ‘‘మాస్టారు లెక్క కట్టి చెప్పారండి’’ అంటాడు. అది నా లెక్క కాదని రెండుసార్లు చెప్పి చూశాను. నాకు అణకువ ఎక్కువని ఇంకో పేరు వచ్చింది. ఊరుకున్నాను.

ఒక్క పని మాత్రం చేశాను. రేపల్లె అమ్మగారిని మా బడికి రమ్మని అడిగాను, పిల్లల ముందు అద్దం పోసి చూపించమని. వచ్చింది. హెడ్మాస్టరు శాలువా కప్పి, సభకు ఆమెను ‘‘మన సైన్సు మాస్టారికి ఈ ప్రయోగంలో సహాయం చేయబోతున్న పెద్దావిడ’’ అని పరిచయం చేశాడు. ఆమె శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, కొంగు బిగించి, గాజు పలకను మూడుసార్లు కడిగింది. మందులు కలిపింది. గది నిండా అమ్మోనియా ఘాటు. నన్ను పలక పట్టుకోమని, ‘‘చేతికి తొడుగులు వేసుకో సారూ’’ అంది. పిల్లల ముందు తొడుగులెందుకులే అనుకున్నాను.

ఆమె పోసింది. అల లేదు, గీత లేదు. పలక మీద ముందు గోధుమ రంగు మబ్బు పట్టింది, తర్వాత నల్లబడింది, ఆ తర్వాత మెల్లగా వెండి తేలింది. కడిగి తిప్పి పట్టుకుంటే నలభై మంది పిల్లలు అందులో ఒకరినొకరు తోసుకుంటూ కనిపించారు. గది అదిరేలా చప్పట్లు. అమ్మగారు మధ్యాహ్నం రైలు టైమయిందని, రొయ్యలు ఎండలో వదిలి వచ్చానని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రానికి నా వేళ్లు పదీ నల్లబడ్డాయి. వెండి మందు చర్మానికి అంటితే అంతేనట. సబ్బుకు పోలేదు, నిమ్మకాయకు పోలేదు. చర్మం ఊడేదాకా ఆగాల్సిందేనని ఆమె ఫోన్‌లో చెప్పింది. ‘‘చెప్పాను గదయ్యా’’ అని ఒక మాట కూడా చేర్చింది. పన్నెండు రోజులు ఆ వేళ్లతోనే పాఠం చెప్పాను.